ఫిబ్రవరి 6: పాటకు తేదీ చాలునా?

ఉదయమున ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక విద్యార్థిచేత ‘నేటి దినవిశేషములు’ చదివించు ఆచారము మా పాఠశాలలో కలదు. గడచిన ఫిబ్రవరి 6వ తేదీని ఒక బాలిక సంగీతమునకు సంబంధించిన నాలుగు విశేషములను కాగితముపై వ్రాసికొని వచ్చి చదివినది. 1915లో హిందీ గీతకర్త ప్రదీప్ జననము. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదల. 1945లో జమైకా ద్వీపమున బాబ్ మార్లే జననము. 2022లో లతా మంగేష్కర్ మరణము. పిల్లలందఱు చప్పట్లు కొట్టిరి. వరుసలో నిలిచియున్న మఱియొక బాలిక మాత్రము, “అయ్యవారూ, ఆ మొదటి సినిమాలో పాడిందెవరు?” అని యడిగినది. తరగతిలో చెప్పెదమని అప్పటికి తప్పించుకొంటిమి. నిజము చెప్పవలెనన్న, ఆ క్షణమున మాకు తేదీ తెలియును గాని గాయని పేరు నాలుకకు రాలేదు. ఈ వ్యాసము ఆ చిన్నదానికి మేము ఆలస్యముగా నిచ్చుచున్న సమాధానమని చదువరులు భావింతురుగాక.

దినవిశేషములు వ్రాయుట నేడొక ప్రత్యేక రచనాశాఖయైనది. వార్తాపత్రికలో నొక మూల, రేడియోలో నొక నిమిషము, చేతిలోని ఫోనులో నొక పంక్తి దానికి నిత్యము కేటాయింపబడుచున్నవి. సంవత్సరము, పేరు, ఒక్క క్రియాపదము. ఇంతటితో దాని వ్యాకరణము ముగియును. ఇట్టి రచనను చులకనగా చూచుట మా యభిమతము కాదు. మఱచిపోవుటయందు మన జాతికి గల నేర్పు లోకప్రసిద్ధము. జ్ఞాపకము చేయు ప్రతి చిన్న ప్రయత్నమును ఆదరణీయమే. కాని యే రచననైనను అది యేమి చెప్పినదను దానితోపాటు ఏమి విడిచినదను దానిని బట్టియు విమర్శింపవలెను. ఆ బాలిక చదివిన నాలుగు పంక్తులను ఈ దృష్టితో పరీక్షింతము.

ముందుగా మొదటి పంక్తిని, కడపటి పంక్తిని కలిపి చూతము. ప్రదీప్ జన్మించిన తేదీనాడే లతా మంగేష్కర్ కన్నుమూసినది. ఈ సంగతి విన్నవారు, ఆ కవి పుట్టినరోజున ఆ గాయని వెడలిపోవుట దైవసంకల్పమని తల యూపుదురు. పంచాంగమున మూడువందల యఱువదియైదు దినములు మాత్రమే యున్నవి. పుట్టువారును గిట్టువారును అసంఖ్యాకులు. రెండు ఘటనలు ఒక దినమున కలియుటలో వింత లేదు. ఆ యిద్దఱి నడుమ నిజమైన సంబంధమొకటి కలదు. అది 1963 జనవరి 27వ తేదీని ఢిల్లీలో నెలకొన్నది. చైనాతోడి యుద్ధము ముగిసి కొన్ని వారములైనను గాయము మానని ఆ దినములలో, ప్రదీప్ రచించి సి. రామచంద్ర స్వరపఱచిన గీతమును లత ప్రధానమంత్రి నెహ్రూ సమక్షమున పాడినది. మరణించిన సైనికులను గుర్తుచేయు ఆ పాట దేశమంతటను మాఱుమ్రోగినది. కవిని, స్వరకర్తను, గాయనిని, శ్రోతలను ఒక్కచోట కట్టివేసిన దినము అది. కాని యది జనవరిలో పడినది గనుక ఫిబ్రవరి పట్టికలో చోటు దొరకలేదు. కాకతాళీయము పట్టికకెక్కినది, కార్యకారణసంబంధము వెలుపల నిలిచినది.

తెలుగువారికి లతతో గల బంధుత్వమును సైతము ఈ పట్టిక చెప్పజాలదు. 1955లో వచ్చిన ‘సంతానము’ చిత్రములో సుసర్ల దక్షిణామూర్తి సంగీతమున ఆమె పాడిన జోలపాట మన యిండ్లలో మూడు తరములవారిని నిద్రబుచ్చినది. భాష తెలియని గాయని ఆ మాటలను నేర్చుకొని, తమ్ముని లాలించు అక్కయై పలికినది. ఆ జోలపాట వినుచు పెరిగినవారికి ఆమె మరణదినముకంటె ఆ పాట యొక్కటి సన్నిహితము.

ఇక బాబ్ మార్లే. 1945 ఫిబ్రవరి 6న పసిబాలుడు ఏడ్చెనేగాని పాడలేదు. అతని జీవితమున తేదీతో సహా చెప్పుకొనవలసిన దినము 1978 ఏప్రిల్ 22. జమైకాలో రెండు రాజకీయపక్షములవారు వీథులలో ఒకరినొకరు చంపుకొనుచున్న కాలమది. కింగ్‌స్టన్ నగరమున జరిగిన సంగీతసభలో మార్లే పాడుచు, బద్ధవిరోధులైన మైకేల్ మాన్లీ, ఎడ్వర్డ్ సీగా అను ఇరుపక్షముల నాయకులను వేదికపైకి పిలిచి, వారి చేతులను కలిపి పైకెత్తి పట్టుకొనెను. కలహము ఆ పాటతో తీఱలేదు, హత్యలు ఆగలేదు. అయినను, అధికారులకు చేతగాని పనిని గాయకుడొకడు బహిరంగముగా తలపెట్టెను. జనన మరణములు ఎల్లవారికిని సమానములు. ఇట్టి పని కొందఱికే సాధ్యము. పట్టికలు సులభమైనదానిని గ్రహించి దుర్లభమైనదానిని విడుచుచున్నవి.

మిగిలినది మన టాకీ. ఇచ్చట తేదీకి గల విలువను మేము నిష్పక్షపాతముగా నంగీకరింపవలసియున్నది. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని తెలుగుదేశమంతయు చాలకాలము నమ్మినది. ఆనాడే ఉత్సవములును జరిపినది. పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలను, సెన్సారు వివరములను వెదకి, ఆ చిత్రమునకు 1932 జనవరి 22న అనుమతి లభించెననియు, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాశాలయందు తొలుత ప్రదర్శింపబడెననియు నిరూపించెను. అయిదు నెలలు ఇటైన నేమి, అటైన నేమి యని యడుగువారుందురు. పాత తేదీయే నిజమైనచో 1931 అక్టోబరు 31న మదరాసులో విడుదలయైన ‘కాళిదాసు’ చిత్రము దీనికి వెనుకది కావలెను. ఆ చిత్రములో కథానాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున పలుకగా తెలుగు మాటలును వినవచ్చెను. తేదీ సరిదిద్దుకొన్న పిమ్మట వరుస స్పష్టమైనది: టాకీలో తెలుగు పలుకు తొలుత తమిళముతో పొత్తు కలిసి వినబడినది, పిమ్మట కొలది నెలలకు పూర్తిగా తెలుగు చిత్రము వచ్చినది. రెండింటికిని దర్శకుడు హెచ్. ఎం. రెడ్డియే. ముందు ప్రయోగము, వెనుక పూర్ణరూపము; ఇదియే సహజక్రమము. ఏది దేనికి ముందో తెలియనిచో ఏది దేనికి కారణమో తెలియదు. తేదీ చేయగల మేలు ఇది. అంతకుమించిన పనిని తేదీపై మోపరాదు.

అంతకుమించినది తెలిసికొనవలెనన్న మేము బొంబాయి విడిచి మా జిల్లాకే రావలసియున్నది. ఆ చిత్రమునకు మూలము ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి ప్రహ్లాద నాటకము. ధర్మవరమనగానే నేటివారికి పట్టుచీరలు తోచును. ‘ఆంధ్రనాటకపితామహ’ బిరుదాంకితుడైన ఆ మహనీయుడు 1853లో ఆ యూరనే జన్మించెను. అనంతపురము జిల్లా యేర్పడినది 1882లో గనుక, అప్పటికి ధర్మవరము, పెనుకొండ, హిందూపురము లన్నియు బళ్ళారి జిల్లాలోనివే. నేడు ఈ మూడును 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. ఆచార్యులవారు బళ్ళారిలో న్యాయవాదిగా నుండి, సరసవినోదిని సభను నెలకొల్పి, తామే నాటకములు వ్రాసి, తామే యాడిరి. తెలుగు నాటకములో పద్యముల నడుమ పాటను ప్రవేశపెట్టిన కీర్తి వారిదని నాటకచరిత్రకారులు చెప్పుదురు.

ఈ పాటల విషయమున మా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. కాళిదాసును, షేక్స్పియరును చదివి పట్టాలు పొందిన మావంటివారు నాటకమున మరణశయ్యపైనున్న పాత్ర రాగము తీయుట చూచి నవ్వుచుందుము. ఔచిత్యభంగమని తీర్పు చెప్పుదుము. శాస్త్రమునుబట్టి ఆ తీర్పు తప్పు కాదు. కాని చదువురాని పల్లెజనులు నాటకమునకు వచ్చినది ఔచిత్యపరీక్షకు కాదు. సంగీతసభలు ఎవరి యిండ్లలోనో జరుగుచుండగా, కీర్తన పండితునికిని దేవాలయమునకును పరిమితమై యుండగా, రాగమును డేరాలో కూర్చున్న సామాన్యునికి అణాలకు అందించినది నాటకపు పాట. రైతు నాగటివెనుక, నేతకాడు మగ్గముమీద మఱునాడు ఆ పాటనే కూనిరాగము తీసెను. నేడు మనము జనప్రియసంగీతమని పిలుచుచున్నదానికి తెలుగునేలపై పునాది ఇదియే. ఆ పునాదికి ఫిబ్రవరి 6 తేదీ కాదు. నిజమునకు ఏ తేదియును లేదు. అనేక రాత్రులు, అనేక గ్రామములు, దీపములు, తెరలు, బండ్లు, గొంతు బొంగురుపోయిన నటకులు కలిసి దానిని కట్టిరి.

ఆ బండ్లలో సురభివారివి ముఖ్యమైనవి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున పుట్టిన ఆ సమాజము కుటుంబములకు కుటుంబములుగా నాటకమునే వృత్తిగా స్వీకరించినది. మగవారు మీసములు గొఱిగించుకొని స్త్రీవేషములు వేయుచున్న కాలమున సురభివారి స్త్రీలు స్వయముగా రంగమెక్కిరి. ఆ వంశపు ఆడుబిడ్డయే సురభి కమలాబాయి. ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేషము ఆమెది, హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, పాటలు చందాల కేశవదాసు రచించినవి. అప్పటికి నేపథ్యగానము లేదు; వేషము వేసినవారే పాడవలెను. గొంతు ఒకరిది, ముఖమొకరిది యను సౌకర్యము అప్పటికి రాలేదు. కావున తెలుగు వెండితెరపై కథానాయికగా తొలుత పాడిన స్త్రీ కమలాబాయి. మా బాలిక ప్రశ్నకు ఇది సమాధానము.

సమాధానము ఇంత సులభమైనపుడు మాకేల జ్ఞప్తికి రాలేదు? ఈ ప్రశ్నయే మమ్ము ఎక్కువ బాధించినది. సంస్కారపక్షపాతులమని చెప్పుకొను మన కుటుంబముల చరిత్రలో దీనికి కారణమున్నదని మా యభిప్రాయము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు భోగముమేళములను ఖండించినపుడు వారి యుద్దేశము స్త్రీని అవమానకరమైన బ్రతుకునుండి విడిపించుటయే. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీవ్యవస్థను నిషేధించిన చట్టము సైతము న్యాయమైనదే. దీనినుండి మేము వెనుకకు పోవువారము కాము. కాని దురాచారమును వెలివేయుచు మనము ఆ స్త్రీల విద్యను గూడ వెలివేసితిమి. పాటను గ్రామఫోను పెట్టెలో లోపలికి రానిచ్చితిమి. పాడిన మనిషిని గుమ్మము వెలుపల నిలిపితిమి. పళ్ళెము కొంటిమి, పేరు చదువలేదు. మన యాడపిల్ల హార్మోనియము ముందు కూర్చుండిన పెండ్లిచూపుల వఱకేనని నిర్ణయించితిమి.

ఒక్క యుదాహరణము చాలును. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, సిద్ధి పొందెను. ప్రతి సంవత్సరము ఆ తిథినాడు తిరువయ్యారులో ఆరాధన వైభవముగా జరుగును. శిథిలమైయున్న ఆ సమాధిని వెదకి, తన సొమ్ము వెచ్చించి మందిరము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ, దేవదాసీ కులమున పుట్టిన విదుషి. తొలినాళ్ళలో ఆ ఆరాధనయందు స్త్రీలు పాడుటకు పెద్దలు సమ్మతింపలేదు. ఆమె తోడి గాయనులను కూర్చుకొని వేఱుగా ఆరాధన జరిపి, ఆ హక్కును గెలుచుకొనెను. పంచమి యందఱికిని తెలియును. పంచమినాడు దీపము వెలిగించిన చేయి ఎందఱికి తెలియును? మా జిల్లాలోని తాడిపత్రిలో జన్మించిన బళ్ళారి రాఘవ, ధర్మవరము వారి మేనల్లుడు, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి చదువుకొన్న వనితలను రంగమునకు తెచ్చెను. సంస్కారము పాటను అణచివేయకుండ నడువవచ్చునని చూపినవాడతడు. మనము అతని పేరు వీథులకు పెట్టుకొంటిమి. మార్గమును మాత్రము ఆలస్యముగా పట్టితిమి.

తిథి ప్రసక్తి వచ్చినది గనుక పెనుకొండ సంగతి చెప్పవలెను. తాళ్ళపాక అన్నమాచార్యుని జీవితమును ద్విపదగా వ్రాసిన ఆయన మనుమడు చిన్నన్న ఒక వృత్తాంతము చెప్పినాడు. పెనుకొండలో కొలువైయున్న సాళువ నరసింహరాయలు అన్నమయ్యను రప్పించి, పాటలు విని పరవశుడై, అట్టి సంకీర్తనమొకటి తనపై చెప్పుమనెను. హరిని పొగడిన నోట నరుని పొగడనని కవి చెవులు మూసికొనెను. రాజు ఆయనకు సంకెలలు వేయించెను. పాట అధికారమునకు లొంగనని చెప్పిన ఆ దినముకంటె మా కొండసీమ సంగీతచరిత్రలో గొప్పదినము మఱియొకటి మాకు కానరాదు. దానికి తేదీ లేదు. కాని ఆ కవి దేహము చాలించిన దినము మాత్రము నిలిచియున్నది: దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి, అనగా 1503. తిరుమలలోని సంకీర్తనల రాగిఱేకులపైననే అది చెక్కబడియున్నది.

ఇచ్చటి వైచిత్ర్యమును చదువరులు గమనింతురుగాక. అయిదువందల యేండ్లనాటి కవి నిర్యాణతిథి రాగిఱేకుపై చెక్కుచెదరక యున్నది. నూఱేండ్లయినను నిండని టాకీ విడుదలదినము నిన్నమొన్నటివఱకు తప్పుగా చెప్పబడినది. ఱేకులలో మాటలున్నవి, రాగముల పేర్లున్నవి; స్వరము మాత్రము లేదు. మా జిల్లావారే యైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన పెద్దలు వానికి మరల స్వరములు కూర్పవలసివచ్చెను. టాకీ స్వరమునే పట్టి బంధించుటకు పుట్టిన యంత్రము. అయినను ‘భక్త ప్రహ్లాద’ ప్రతి యొక్కటియు నేడు లభ్యము కాదు. స్వరమును బంధించినవారు దానిని భద్రపఱచుట మఱచిరి.

హిందూపురమునకు చేరువలోనున్న లేపాక్షికి మా విద్యార్థులను తీసికొనిపోయినపుడు ఈ మాటయే మాకు తోచినది. పదునాఱవ శతాబ్దిలో పెనుకొండ రాజ్యాధికారులైన విరుపణ్ణ సోదరుల పూనికచే వెలసిన ఆ యాలయమున నాట్యమండపపు స్తంభములపై బ్రహ్మ మద్దెల వాయించుచుండును, తుంబురుడు వీణె మీటుచుండును, రంభ నర్తించుచుండును. వ్రేళ్ళ వంపు, నడుము వాలు, వాద్యముల రూపు అన్నియు నున్నవి. ఆ శిల్పి తన యూరి మద్దెలకానిని చూడక బ్రహ్మచేతులను అంత నేర్పుగా చెక్కియుండడు. ఆ మద్దెలకాని పేరు లేదు. ఆ నర్తకి పేరు లేదు. శిల భంగిమను దాచినది, రాగి మాటను దాచినది, కాగితము తేదీని దాచినది. మా మూడూళ్ళ నడుమ రైలుబండిలో ఒక పూటలో తిరిగివచ్చు యాత్రికునికి మానవజ్ఞాపకముయొక్క మూడు లోపములును కనబడును. ప్రతి యుగమును తనకు ముఖ్యమని తోచినదానిని నిలిపి, శ్రమపడిన మనిషి పేరునే ముందుగా జారవిడుచుచున్నది.

కావున దినవిశేషములను మానవలదు; వానిని పెద్దవి చేయవలెనని మా విన్నపము. ఒక పాటనుగూర్చి తేదీ చెప్పువారు రచించినవారెవరు, స్వరపఱచినవారెవరు, పాడినవారెవరు అను మూడింటిని చేర్చి చెప్పవలెను. తేదీకి ముందు నడచిన దారిని ఒక్క వాక్యములోనైనను సూచింపవలెను. దొరకనిచో ఆ స్థలమును ఖాళీగా విడువవలెను. ఉత్సవముకొఱకు తేదీని కల్పింపరాదు. ఇది పత్రికలవారి పని మాత్రమే కాదు. మన యిండ్లలో అవ్వలు విసురురాతి దగ్గఱ, ఊయెల దగ్గఱ పాడిన పాటలు ఏ పట్టికలోనికిని ఎక్కవు. ఫోనులో ఆ గొంతును పట్టుకొనుట నేడు క్షణములో పని. పట్టుకొన్నపుడు అవ్వ పేరు, ఊరు, ఆ పాటను ఆమె యెవరియొద్ద నేర్చినదో అడిగి చేర్చిన చాలును. సంస్కారాభిమానులైన గృహస్థులు తమ తల్లులకు చేయదగిన సన్మానములలో ఇది తక్కువది కాదు.

మఱునాడు తరగతిలో మేము ఆ బాలికకు కమలాబాయి పేరు చెప్పి, నిన్న మాకు జ్ఞప్తికి రాలేదని యొప్పుకొంటిమి. ఆమె తన కాగితమును వెదకి తెచ్చి, 1932కు ఎదురుగా నున్న పంక్తి ప్రక్కన మూడు పేర్లు వ్రాసికొన్నది: ధర్మవరము రామకృష్ణమాచార్యులు, చందాల కేశవదాసు, సురభి కమలాబాయి. పంక్తి పొడవైపోయి అంచు దాటినది. వచ్చు ఫిబ్రవరిలో పెద్ద కాగితము తెచ్చెదనని చెప్పినది.